కోవిడ్ కాలంలో మెడనొప్పి, నడుమునొప్పి: చిట్టాలో తగ్గినది, ఒంట్లో తగ్గలేదు

మారికుప్పం నుంచి బయలుదేరి ఛాంపియన్, ఊరిగాం, కోరమాండల్, బంగారుపేట మీదుగా బెంగళూరు చేరే ప్యాసింజరు బండ్లు మన గనుల ప్రాంతానికి కేవలం ప్రయాణ సాధనాలు కావు. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ గనులను మూసివేసిన తరువాత వేలాది కుటుంబాలకు అన్నం పెట్టిన దారి అదే. తెల్లవారకముందే ఇల్లు వదలి, రానూ పోనూ నాలుగైదు గంటలు బండిలో గడిపి, నిలుచున్న చోటే నిద్ర తీసి, రాత్రికి ఇల్లు చేరే జీవితం ఇక్కడ రెండు తరాలకు అలవాటైనది. అట్టి బండ్లు 2020 మార్చి 22 నుంచి దేశమంతటితోపాటు ఇక్కడ కూడా నిలిచిపోయినవి. మార్చి 25 నుంచి లాక్‌డౌన్ అమలులోకి వచ్చినది.

బండి ప్రయాణం లేదు, నిలువుకాళ్ల కొలువు లేదు. కనుక నడుములకు విశ్రాంతి దొరికినదని ఎవరైనా అనుకోవచ్చును. ఆసుపత్రుల చిట్టాలు చూసినా అలాగే తోచును. ప్రపంచమంతటా ఆ నెలలలో మెడనొప్పి, నడుమునొప్పి పేరిట వైద్యుని వద్దకు వచ్చిన వారి సంఖ్య పడిపోయినది. కాని నొప్పి తగ్గినందున ఆ సంఖ్య తగ్గలేదు. నొప్పిని చూసే తలుపు మూతపడినందున తగ్గినది. ఈ రెండింటికీ గల భేదం తెలియకపోతే మనకు కలిగే నష్టం చిన్నది కాదు. ముఖ్యంగా గనిలో పనిచేసిన వృద్ధులు ఉన్న ఇండ్లలో ఈ సంగతి తెలిసి ఉండడం అవసరం.

నొప్పి వేరు, రోగనిర్ధారణ వేరు

నడుమునొప్పి ప్రపంచంలో మనుషులను అత్యధికంగా పనికి దూరం చేసే బాధ. 2020 సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 61 కోట్ల 90 లక్షల మంది దీనితో బాధపడినట్లు ప్రపంచ వ్యాధిభార అధ్యయనం అంచనా కట్టినది. 2050 నాటికి ఈ సంఖ్య 84 కోట్లు దాటవచ్చునని కూడా అదే అధ్యయనం తెలిపినది. మెడనొప్పితో బాధపడిన వారు అదే 2020లో సుమారు 20 కోట్లు.

ఇవి నొప్పి ఉన్నవారి అంచనాలు. రోగనిర్ధారణ సంఖ్య వేరు. ఒకనికి నడుము పట్టేస్తుంది. అతడు మూడు రోజులు వేడినీళ్లు కాపుకుంటాడు, మందుల అంగడిలో మాత్ర కొని మింగుతాడు, తైలం రాయించుకుంటాడు. తగ్గకపోతే ఆసుపత్రికి పోతాడు. అక్కడ వైద్యుడు పరీక్షించి ఒక పేరు పెట్టి చిట్టాలో రాస్తాడు. ఆ రాతతోనే అతడు లెక్కకు ఎక్కుతాడు. అంతకుముందు జరిగినదేదీ లెక్కలో ఉండదు. అనగా రోగనిర్ధారణల సంఖ్య నొప్పిపై మాత్రమే ఆధారపడదు. బస్సు ఉన్నదా, కూలి పోకుండా పోగలడా, ఆసుపత్రి తెరిచి ఉన్నదా, భయం లేకుండా లోపలికి అడుగుపెట్టగలడా అన్న వాటిపైన కూడా ఆధారపడుతుంది. 2020లో ఈ నాలుగూ ఒక్కసారిగా తారుమారైనవి.

గనుల ఊరికి నడుమునొప్పి కొత్త కాదు

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ ఇక్కడ పని చేపట్టిన నాటి నుంచి ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతాల తమిళ, తెలుగు కుటుంబాలు గని కూలికి వలస వచ్చినవి. ఊరిగాం, ఛాంపియన్ రీఫ్, మైసూరు, నందిదుర్గం గనులు లోతుకు పోతూ, చివరకు ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతు చేరినది. ఇరుకు సొరంగాలలో వంగి పనిచేయడం, అదిరే డ్రిల్లు యంత్రాన్ని భుజానికి, పొట్టకు ఆనించి పట్టుకోవడం, బరువులు మోయడం – ఇవన్నీ వెన్నును అరగదీసే పనులే. యంత్రపు అదురు, వంగి బరువెత్తడం నడుమునొప్పికి ముఖ్యకారణాలని వృత్తిసంబంధ వైద్యం ఏనాడో గుర్తించినది.

అయితే గనిలో మనిషి ఆయుష్షును తిన్నది నడుమునొప్పికన్నా రాతి ధూళి. మన దేశంలో సిలికోసిస్ వ్యాధిని మొట్టమొదట క్రమబద్ధంగా గుర్తించినది కోలారు బంగారు గనులలోనే. 1940 దశకంలో జరిపిన పరీక్షలలో చూసిన కార్మికులలో నూటికి నలభై మందికి పైగా ఈ వ్యాధి లక్షణాలు కనిపించినవి. గనుల ఆసుపత్రిలో కార్మికుల ఛాతీ ఎక్స్‌రేలు తీసి భద్రపరిచే పద్ధతి దాని ఫలితమే. 2001లో గనులతోపాటు ఆ ఆసుపత్రి కూడా మూతపడినది. కార్మికుల ఆరోగ్యం ఏళ్ల తరబడి ఒకేచోట నమోదయ్యే ఏర్పాటు అంతటితో ముగిసినది. మూతపడి ఇరవై ఏళ్లయిన ఆ భవనాన్నే 2021లో రెండవ ఉధృతి వేళ స్వచ్ఛంద సేవకులు శుభ్రపరచగా కోవిడ్ చికిత్సకు సిద్ధం చేశారు.

ఈ ధూళి సంగతి నడుమునొప్పి వ్యాసంలో ఎందుకన్న సందేహం కలుగవచ్చును. క్షయ వ్యాధి గురించి చెప్పేచోట దాని అవసరం తెలుస్తుంది.

2020లో లెక్క ఎందుకు తగ్గినది?

మొదటి కారణం ఆసుపత్రులలో ఓపీ సేవలు కుదించుకుపోవడం. అత్యవసరం కాని రోగులను రావద్దన్నారు. అమెరికాలో 2020 ఏప్రిల్ మొదటి వారాలకు వైద్యుల వద్దకు వచ్చేవారి సంఖ్య దాదాపు 60 శాతం పడిపోయినది. 155 దేశాలలో జరిపిన సర్వే ఫలితాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జూన్‌లో ప్రకటించినది. ఫిజియోథెరపీ వంటి పునరావాస సేవలు 63 శాతం దేశాలలో దెబ్బతిన్నవని అందులో తేలినది. నడుమునొప్పికి మందుకన్నా ముఖ్యమైన చికిత్స ఈ సేవలలోనే ఉన్నది.

రెండవ కారణం భయం. 2020 మే 1న కేంద్రం ప్రకటించిన పట్టికలో కోలారు జిల్లా ఇంకా పచ్చ మండలంలోనే ఉన్నది. అయినా ఆసుపత్రి మెట్లెక్కితే జబ్బు అంటుకొంటుందన్న భయం ఊరూరా ఉండెను. దగ్గో జ్వరమో ఉన్నవాడు దాచిపెట్టినట్లే, నడుమునొప్పి ఉన్నవాడు ఓర్చుకున్నాడు.

మూడవ కారణం దారి. మన సరిహద్దు జిల్లాలో వైద్యం రాష్ట్రపు గీతను చూసి నడవదు. కోలారు, తమక, బెంగళూరు ఎంత దగ్గరో, కుప్పం వైద్య కళాశాల కూడా అంతే దగ్గర. ఎముక బెణికినా విరిగినా పుత్తూరు కట్టు కోసం సరిహద్దు దాటి పోవడం ఇక్కడి కుటుంబాలకు తాతల నాటి అలవాటు. రాష్ట్రాల సరిహద్దులలో రాకపోకలకు అనుమతి పత్రాలు అవసరమైన ఆ రోజులలో ఆ దారులన్నీ మూసుకొన్నవి.

ఇంటి వద్ద నొప్పి ఎందుకు పెరిగినది?

ఇంటి నుంచి పనిచేసిన వారిపై అనేక దేశాలలో జరిపిన సర్వేలలో మెడ, నడుమునొప్పులు కొత్తగా వచ్చినవని, ఉన్నవి ముదిరినవని చెప్పినవారు గణనీయంగా ఉన్నారు. అందరి అనుభవమూ ఒకటి కాదు. రోజూ దూరప్రయాణం తప్పినందున హాయి పొందినవారు కూడా ఉన్నారు. నొప్పి పెరిగినవారిలో మాత్రం కారణాలు చాలావరకు ఒకే తీరున ఉన్నవి.

ఆఫీసులో మేజ, కుర్చీ ఉంటాయి. ఇంట్లో మంచం, చాప, ప్లాస్టిక్ కుర్చీ ఉంటాయి. ల్యాప్‌టాప్‌ను ఒడిలో పెట్టుకుంటే తల ముందుకు వాలుతుంది. మనిషి తల బరువు సుమారు ఐదు కిలోలు. తల నిటారుగా ఉన్నప్పుడు మెడపై పడే భారం కూడా అంతే. తల 60 డిగ్రీలు ముందుకు వంగితే ఆ భారం సుమారు 27 కిలోలకు సమానమవుతుందని 2014లో ఒక వెన్నెముక శస్త్రవైద్యుడు గణిత నమూనాతో అంచనా వేశాడు. చేతిఫోనులో పాఠాలు విన్న పిల్లలకూ ఇదే వర్తించును.

దీనికితోడు నడక తగ్గినది. స్టేషనుకు నడిచి, మెట్లెక్కి, పనిచోటికి మళ్లీ నడిచే మనిషి గదికి పరిమితమైతే వెన్నును నిలబెట్టే కండరాలు వారాలలోనే బలం కోల్పోతాయి. కూలి పోయినదన్న దిగులు, నిద్రలేమి నొప్పిని ఇంకా పెంచుతాయి. మనసు కలత పడినప్పుడు అదే నొప్పి ఎక్కువగా తెలియడం నటన కాదు. నొప్పిని మోసే నాడీవ్యవస్థ స్వభావమే అది.

లాక్‌డౌన్ సడలిన తరువాత ఇంకొక ఇబ్బంది ఎదురైనది. నెలల తరబడి కదలని శరీరంతో ఒక్కసారిగా నరసాపురం, వేమగల్ కర్మాగారాలలో నిలువుకాళ్ల పనికి, బెంగళూరు కుట్టుమిషన్ల ముందుకు, టమాటా తోటలో బుట్టలు మోయడానికి పోవలసి వచ్చినది. సడలిన కండరంపై పాత బరువు పడితే పట్టేయడం సహజం. ఓపీలు తెరుచుకొన్నాక వచ్చిన రోగులలో కొత్త నొప్పులవారు, ఇంతకాలం ఆగిన పాత నొప్పులవారు కలిసి ఉంటారు. అందుచేత మొదట తగ్గి తరువాత పెరిగిన సంఖ్యలో పెరుగుదల అంతా కొత్త జబ్బు అనుకోవడం కూడా పొరపాటే.

కోవిడ్ జ్వరమే తెచ్చిన నొప్పులు

కోవిడ్ వ్యాధి లక్షణాలలో ఒళ్లునొప్పులు కూడా ఒకటి. 2020 ఫిబ్రవరిలో చైనాలో పరిశీలన జరిపిన ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందం నూటికి సుమారు 15 మంది రోగులలో కండరాల లేక కీళ్ల నొప్పులు ఉన్నట్లు నమోదు చేసినది. జ్వరం తగ్గాక కూడా కొందరిలో నీరసంతోపాటు వెన్ను, మెడ, భుజాల నొప్పులు నెలల తరబడి నిలిచినవి.

ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. తీవ్రమైన కోవిడ్‌లో ప్రాణం కాపాడిన స్టెరాయిడ్ మందులు ఎక్కువ మోతాదులో, ఎక్కువ రోజులు వాడినవారిలో తుంటి ఎముక తలకు రక్తప్రసారం దెబ్బతిని ఆ ఎముక క్షీణించే ప్రమాదం ఉన్నది. ఆ బాధ గజ్జలోను, పిరుదులోను, తొడలోను కనిపించును. దానిని నడుమునొప్పిగా భావించి తైలాలతో కాలం గడిపితే కీలు పాడవుతుంది. కోవిడ్‌కు ఆసుపత్రిలో చికిత్స పొందినవారు గజ్జనొప్పితో కుంటుతుంటే ఆ చికిత్స సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి.

అసలు భయం: వెన్నెముక క్షయ

నడుమునొప్పులలో నూటికి తొంభై దాకా ఏ ప్రమాదకర కారణమూ లేనివే. చాలావరకు ఆరు వారాలలో తగ్గుతాయి. వాటికి నిర్ధారణ ఆలస్యమైనా ప్రాణహాని లేదు. మిగిలిన కొద్దిపాటిలో ఆలస్యం మనిషిని మంచాన పడవేస్తుంది. వాటిలో మన దేశంలో ముఖ్యమైనది వెన్నెముక క్షయ.

క్షయ అనగానే దగ్గు, కఫం గుర్తుకు వస్తాయి. కాని అది ఎముకలకు కూడా వస్తుంది. ఎముకల క్షయలో దాదాపు సగం వెన్నెముకలోనే కనిపిస్తుంది. నెలల తరబడి తగ్గని వెన్నునొప్పి, సాయంకాలపు సన్నజ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం దీని గుర్తులు. దగ్గు లేకపోవచ్చును. గుర్తించకపోతే పూస కూలి గూని ఏర్పడుతుంది. వెన్నుపాముపై ఒత్తిడి పడి కాళ్లు చచ్చుబడతాయి. సకాలంలో గుర్తిస్తే సుమారు పన్నెండు నెలల మందులతో చాలామందికి శస్త్రచికిత్స లేకుండానే నయమవుతుంది.

రాతి ధూళి సంగతి ఇక్కడే కలుస్తుంది. సిలికోసిస్ ఉన్న ఊపిరితిత్తులు క్షయక్రిమిని అడ్డుకోలేవు. ఆ వ్యాధి ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం ఇతరులకన్నా కొన్ని రెట్లు ఎక్కువ. గని వదలి ఇరవై ఏళ్లయినా ఆ ముప్పు తొలగదు. పీల్చిన ధూళి ఊపిరితిత్తిలోనే ఉంటుంది. కనుక గనిలో పనిచేసిన తాత నడుమునొప్పి అన్నప్పుడు వయసు నొప్పి అని తీసివేయరాదు.

కోవిడ్ ఏడు దేశంలో క్షయ నమోదులు ఎలా పడిపోయినవో చూస్తే ఈ భయం ఊహ కాదని తెలుస్తుంది. 2019లో సుమారు 24 లక్షల మంది క్షయరోగులు నమోదు కాగా, 2020లో సుమారు 18 లక్షల మంది మాత్రమే నమోదైనారు. నాలుగవ వంతు తగ్గినది. ఒక్క ఏడాదిలో క్షయ అంతగా తగ్గే అవకాశం లేదు. ఆ ఆరు లక్షల తేడాలో అధికభాగం గుర్తింపుకు రాని రోగులే. నడుమునొప్పికి ఇట్టి జాతీయ చిట్టా లేదు. క్షయకు ఉన్నందున జరిగిన నష్టం కంటికి కనిపించినది.

కోలారు జిల్లాకు ప్రత్యేకమైన మరొక కారణం నీరు. ఇక్కడి అనేక లోతుబోర్ల నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపట్టడమే కాక ఎముకలు గట్టిపడి మెడ, నడుము తిరగని స్థితి వస్తుంది. ఊరిలో పలువురికి ఒకే తీరు బిగుతు ఉంటే తాగునీటిని పరీక్షింపజేయాలి.

ఫోను వైద్యం ఎంతవరకు?

2020 మార్చి 25న కేంద్ర ఆరోగ్య శాఖ దూరవైద్య మార్గదర్శకాలను విడుదల చేసినది. ఏప్రిల్‌లో ఈ-సంజీవని ఓపీ సేవ మొదలైనది. దారులు మూసుకొన్న రోజులలో అది గొప్ప ఆసరా. నొప్పి ఎప్పుడు మొదలైనది, ఎక్కడికి పాకుతున్నది, ఏ భంగిమలో పెరుగుతున్నది అన్నవి ఫోనులో చెప్పవచ్చును. సామాన్య నొప్పికి ధైర్యం, వ్యాయామం ఫోనులోనే చెప్పవచ్చును.

కాని వెల్లకిలా పడుకోబెట్టి కాలు చాచి పైకెత్తించి నరం ఒత్తిడిని చూసే పరీక్ష, మోకాలిపై సుత్తితో తట్టే పరీక్ష, పాదపు బలం, స్పర్శ, పూసపై వేలు పెట్టి నొక్కి చూడడం ఫోనులో సాధ్యం కాదు. కనుక ఫోనులో చెప్పిన మందుతో తగ్గని నొప్పికి ముఖాముఖి పరీక్ష తప్పదు. ఇది కోవిడ్ తరువాత కూడా వర్తించే నియమం.

ఆలస్యం చేయరాని గుర్తులు

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా వైద్యుని కలవాలి.

1. మూత్రం, మలం పట్టు తప్పడం లేక మూత్రం రాకపోవడం. మర్మాంగాల చుట్టూ తిమ్మిరి. ఇది అత్యవసరం, ఆ రోజే ఆసుపత్రికి చేరాలి.
2. కాలు లేక చేయి బలం తగ్గడం, చెప్పు జారిపోవడం, నడకలో తూలడం.
3. జ్వరం, రాత్రి చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం.
4. పడుకున్నా తగ్గని, నిద్ర లేపే నొప్పి.
5. కింద పడిన తరువాత మొదలైన నొప్పి. వృద్ధులలో చిన్న జారుడైనా సరే.
6. పూర్వం క్షయ, సిలికోసిస్, కాన్సరు ఉన్నవారు, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవారు.
7. ఆరు వారాలు దాటినా తగ్గని నొప్పి.

ఇవేవీ లేనివారు మొదటి వారంలోనే ఎమ్మారై కోసం అప్పు చేయనక్కరలేదు. నడివయసు దాటిన వారిలో నొప్పి లేకపోయినా డిస్కు అరుగుదల కనిపించడం సాధారణం.

ఇంట్లో చేయదగినవి

పూర్తిగా మంచం పట్టడం మేలు కాదు. ఓర్చుకోగలిగినంత నడక, మామూలు పనులు కొనసాగించాలి. ల్యాప్‌టాప్‌ను పుస్తకాల దొంతరపైనో పెట్టెపైనో కంటి ఎత్తుకు పెట్టి, విడిగా ఒక కీబోర్డు వాడితే మెడ వంగదు. కుర్చీ ఎత్తుగా ఉంటే పాదాల కింద పీట వేసుకోవాలి. నడుము వెనుక మడిచిన దుప్పటి చాలు. అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి. బరువు ఎత్తేటప్పుడు మోకాళ్లు వంచి, బుట్టను ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి.

దీర్ఘకాలపు నడుమునొప్పిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు వ్యాయామానికి, రోగికి అవగాహన కల్పించడానికి పెద్దపీట వేసినవి. నడుము బెల్టులు, లాగుడు చికిత్స, నల్లమందు జాతి మాత్రలు మామూలుగా వాడవద్దని చెప్పినవి. అంగడిలో కొనే నొప్పి మాత్రలు రోజుల తరబడి మింగితే కడుపులో పుండు పడవచ్చును, మూత్రపిండాలు దెబ్బతినవచ్చును. బీపీ, షుగరు ఉన్నవారు మరింత జాగ్రత్త వహించాలి.

లెక్కను ఎలా చదవాలి?

2020, 2021 సంవత్సరాల ఆసుపత్రి సంఖ్యలను చూసేవారు మూడు ప్రశ్నలు వేయాలి. ఆ నెలలో ఓపీ ఎన్ని రోజులు తెరిచి ఉన్నది? మిగతా జబ్బుల సంఖ్య కూడా అదే పాళ్లలో తగ్గినదా? ఫోనులో చూసినవారిని లెక్కలో చేర్చారా? అన్ని జబ్బులూ ఒకేసారి తగ్గి ఉంటే తగ్గినది జబ్బు కాదు, రాక మాత్రమే.

కోవిడ్ అంతర్జాతీయ అత్యవసర స్థితి 2023 మే 5న ముగిసినది. మళ్లీ బండ్లు కిటకిటలాడుతున్నవి. అయినా ఆనాడు వాయిదా పడి, నేటికీ ఓర్చుకొంటున్న నొప్పులు కొన్ని ఇండ్లలో ఉండవచ్చును. అట్టి నొప్పి మీ ఇంట్లో ఉంటే అది మొదలైన నెల, అప్పటి జ్వరం, వాడిన మందులు, గనిలో పనిచేసిన ఏళ్లు ఒక కాగితంపై రాసి వైద్యునికి చూపండి. క్షయ అనుమానం ఉంటే ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష, మందులు ఉచితం. చికిత్స కాలంలో పోషకాహారానికి ఇచ్చే సాయాన్ని 2024 నవంబరు నుంచి నెలకు 500 రూపాయల నుంచి 1,000 రూపాయలకు పెంచారు. గనుల ఆసుపత్రి చిట్టా 2001లో ఆగిపోయినది కనుక, ఆ వృద్ధుని పని చరిత్రను వైద్యునికి చెప్పవలసిన బాధ్యత ఇప్పుడు ఇంటివారిదే.